కరోనాలో పెరిగింది ఆర్డర్లు కాదు, బిల్లు

[స్క్రీన్ మీద: ఫోన్‌లో ఫుడ్ యాప్, ఖాళీ కార్ట్]

కరోనా టైమ్‌లో జొమాటో, స్విగ్గీల పంట పండిందని చాలామంది అంటుంటారు. జనమంతా ఇంట్లోనే ఉన్నారు, హోటళ్లు మూసేశారు, ఇంకేముంది, ఫోన్ తీసి ఆర్డర్ పెట్టడమే కదా అని. నేనూ అదే అనుకున్నా. 2021లో జొమాటో షేర్ మార్కెట్‌కి వస్తూ బయటపెట్టిన లెక్కలు చూశాక మాట మార్చుకున్నా.

[స్క్రీన్ మీద రెండు అంకెలు పక్కపక్కన: 40.31 కోట్లు, 23.89 కోట్లు]

2019-20లో జొమాటోకి వచ్చిన ఆర్డర్లు 40.31 కోట్లు. 2020-21లో, అంటే పూర్తిగా కరోనాలో గడిచిన ఏడాదిలో, 23.89 కోట్లు. నూటికి నలభై పోయాయి. ఇప్పుడు ఆ ఆర్డర్ల మొత్తం విలువ చూడండి: 11,221 కోట్ల రూపాయల నుంచి 9,483 కోట్లకు వచ్చింది. ఇదీ తగ్గింది, కాకపోతే నూటికి పదిహేనే. భాగించి చూస్తే ఒక్కో ఆర్డర్ 280 రూపాయల దగ్గర నుంచి 400 దగ్గరికి ఎక్కింది. డెలివరీ చార్జీలు, పన్నులు కూడా కలిపిన లెక్క ఇది.

అంటే ఏం జరిగింది? ఆర్డర్ పెట్టే మనిషే మారిపోయాడు.

అంతకుముందు ఎవరు పెట్టేవాళ్లు? మాదాపూర్ ఆఫీసులో మధ్యాహ్నం లంచ్‌కి బద్ధకించినవాడు. అమీర్‌పేట హాస్టల్లో సాంబారు నీళ్లలా ఉందని, కూపన్ కొట్టి సింగిల్ బిర్యానీ తెప్పించుకున్న కుర్రాడు. లాక్‌డౌన్ పడేసరికి ఆఫీసు లేదు, హాస్టల్ ఖాళీ. ఆ కుర్రాడు ఊళ్లో అమ్మ చేతి పప్పు తింటున్నాడు. యాప్‌లో మిగిలింది నలుగురున్న కుటుంబం. వాళ్లు రోజూ పెట్టరు. శనివారం సాయంత్రం పెడతారు, పెడితే ఫ్యామిలీ ప్యాక్, పైన రెండు స్టార్టర్లు.

అసలు మొదట్లో అదీ లేదు.

[స్క్రీన్ మీద: తేదీ మాత్రమే, 2020 మార్చి 24]

ఆ రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో లాక్‌డౌన్ ప్రకటించారు. ఫుడ్ డెలివరీకి మినహాయింపు ఉంది. కాగితం మీద. వంట చేసేవాళ్లలో చాలామంది సొంతూళ్ల దారి పట్టారు, పెద్ద హోటళ్లు షట్టర్లు దించాయి. ఏప్రిల్ నెల మధ్యలో ఢిల్లీలో పిజ్జా డెలివరీ చేసే ఒక వ్యక్తికి పాజిటివ్ వచ్చింది, అక్కడి మాలవీయ నగర్ ప్రాంతంలో 72 కుటుంబాలను క్వారంటైన్‌లో ఉండమన్నారు. ఆ వార్త దేశమంతా తిరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 20 నుంచి, తెలంగాణ ప్రభుత్వం ఫుడ్ డెలివరీని ఆపేసింది. బిర్యానీ ఊళ్లో బిర్యానీ ఇంటికి రాదు! మే నెలకి కంపెనీలకే గుబులు పుట్టింది. జొమాటో తన ఉద్యోగుల్లో నూటికి 13 మందిని, స్విగ్గీ 1,100 మందిని తీసేస్తున్నట్టు చెప్పాయి.

డెలివరీ మళ్లీ మొదలయ్యాక యాప్ తెరిస్తే కొత్త వింత. ఇదివరకు మనం చూసేది స్టార్ రేటింగ్, ఆఫర్. ఇప్పుడు తెచ్చేవాడి ఒంటి వేడి ఎంత ఉందో కూడా అక్కడే రాసి ఉంది. ఉప్పు సరిపోయిందా అని కాదు, వాడికి జ్వరం ఉందా అని చూసి తిండి తెప్పించుకున్న రోజులవి.

[కెమెరా: అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ]

మా అపార్ట్‌మెంట్‌లో ఈ కుర్చీ వేశారు. డెలివరీ అబ్బాయి కవరు దీని మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి ఫోన్ చేసేవాడు. మేం దిగి, కవరుకి శానిటైజర్ కొట్టి, పైకి తెచ్చి, డబ్బాలోది గిన్నెలోకి మార్చి, కవరు బాల్కనీలో పడేసి, చేతులు కడుక్కుని, బిర్యానీని పొయ్యి మీద మళ్లీ వేడి చేసేవాళ్లం. అడుగంటిన బిర్యానీ ఎన్నిసార్లు తిన్నామో. తిండి ద్వారా వైరస్ సోకుతుందనడానికి ఆధారాలు లేవని డబ్ల్యూహెచ్‌ఓ, మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెబుతూనే ఉన్నాయి. వింటే కదా!

ఈ కుర్చీ వల్ల ఇంకోటి జరిగింది. చేతికి చెయ్యి తగలకూడదంటే నోటు ఇవ్వకూడదు. దేశంలో యూపీఐ చెల్లింపులు 2020 ఏప్రిల్‌లో 100 కోట్ల లోపుకి పడిపోయాయి, అక్టోబర్‌కల్లా 200 కోట్లు దాటాయి. అంతా ఫుడ్ యాప్‌ల పుణ్యం అనను. కానీ "నాకు ఇవన్నీ రావు" అనే పెద్దవాళ్లు స్కాన్ చేయడం నేర్చుకున్నది ఆ ఆరు నెలల్లోనే.

2021 సెకండ్ వేవ్ సంగతి వేరు. అప్పుడు ఆర్డర్ అంటే సరదా కాదు. ఇంటిల్లిపాదీ మంచం పడితే వంట ఎవరు చేస్తారు? ఆ ఏప్రిల్‌లో జొమాటో తన యాప్‌లో ఒక గడి పెట్టింది: ఇది కోవిడ్ ఎమర్జెన్సీ ఆర్డర్ అని టిక్ పెడితే ముందు దాన్నే చూస్తారు. మా మేనమామ, అత్తయ్య గుంటూరులో, ఇద్దరికీ పాజిటివ్. మా బావ డల్లాస్‌లో. అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి కూర్చుని, లొకేషన్ బ్రాడీపేట పెట్టి, ఇక్కడ పొద్దున 8 గంటలకి ఇడ్లీ పంపేవాడు. "నాన్నా, తలుపు తీయకు, గేటుకి తగిలించి వెళ్తాడు" అని ఫోన్. పదిహేను రోజులు అలాగే గడిచాయి.

తర్వాత? జనం ఆఫీసులకి, హాస్టళ్లకి తిరిగొచ్చారు. 2021-22లో జొమాటో ఆర్డర్లు 53.5 కోట్లకు చేరాయి. సింగిల్ బిర్యానీ కుర్రాడూ వచ్చాడు కదా, సగటు బిల్లు మళ్లీ 280కి దిగాలి. దిగలేదు. 398 దగ్గరే నిలబడింది.

అలవాటు తిండి దగ్గరా ఆగలేదు. 2020 ఆగస్టులో స్విగ్గీ ఇంటికి సరుకులు తెచ్చే ఇన్‌స్టామార్ట్ మొదలుపెట్టింది, 2022లో జొమాటో అలాంటిదే అయిన బ్లింకిట్‌ని కొనేసింది. బిర్యానీ తెచ్చిన బండి మీదే ఉల్లిపాయలు.

మొన్న మా అమ్మ కొత్తిమీర కట్ట కోసం యాప్ తెరిచింది. కట్ట ధర కంటే చార్జీలే ఎక్కువ. "కింద కొట్లో ఉంటుంది కదమ్మా" అన్నా.

"కొట్టుకెళ్లాలంటే నైటీ మార్చుకుని చీర కట్టుకోవాలి కదరా" అంది.