పద్మిని కారు తుప్పు: ఇంటి షెడ్డులో బాడీ పని ఏ వరసలో చేయాలి

అందరికీ నమస్కారం.

పాత కారు ఇంట్లోనే బాగుచేసుకుందామని దిగేవాళ్లలో ఎక్కువమంది మొదట బానెట్ ఎత్తుతారు. ఇంజిను తిరిగితే బండి బతికినట్టే అనుకుంటారు. ప్రీమియర్ పద్మిని విషయంలో ఇది సరైన వరస కాదు. దాని 1089 సీసీ ఇంజినులో అరిగినదాన్ని బోరు కొట్టించవచ్చు, క్రాంకు గ్రైండు చేయించవచ్చు, దొరకని బుష్‌ను లేత్ మీద తీయించవచ్చు. బాడీ పోతే మాత్రం బండి పోయినట్టే. జీపుకు, లారీకి ఉన్నట్టు దీనికి కింద విడిగా చాసిస్ ఉండదు. ఫ్లోరు, డోర్ల కింద సాగే సిల్ పెట్టెలు, పిల్లర్లు, టాపు కలిసి బరువు మోస్తాయి. అంబాసిడరూ ఈ పద్ధతిలో కట్టిందే. అందుకే ఈ రోజు నా మాటల్లో ఎక్కువ భాగం రేకు గురించే ఉంటుంది.

ముంబై కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఈ బండిని మొదట ఫియట్ 1100 డిలైట్‌గా చేసింది. 1974లో పద్మిని అనే పేరు వచ్చింది. ముంబైలో చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది, 20 ఏళ్ల గడువు తీరి 2023 అక్టోబరు 30న రోడ్డు దిగింది. టాక్సీలు తిరిగినన్నాళ్లు విడిభాగాలకు గిరాకీ ఉండేది. ఇప్పుడు మంచి డోరు, మంచి మడ్‌గార్డ్ దొరికితే అదృష్టమే. కాబట్టి మీ బండి మీద ఉన్న అసలు రేకులో బాగున్న ప్రతి అంగుళాన్నీ కాపాడుకోవాలి.

రెంచి పట్టకముందే కాగితాలు చూడండి. ఆర్.సి.లో ఉన్న చాసిస్ నంబరూ బండి మీద కొట్టిన నంబరూ ఒకటేనా? నంబరు కొట్టిన రేకును ఏ కారణంతోనూ కోయొద్దు, గ్రైండర్ తగలనివ్వొద్దు, లప్పం కింద కప్పేయొద్దు. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేసే నిబంధనలు 2021లో వచ్చాయి. బండి అసలు రూపంలో ఉండాలని, బాడీ, చాసిస్, ఇంజినుల్లో పెద్ద మార్పులు ఉండకూడదని అవి చెబుతున్నాయి. ఆ నమోదు పొందిన బండిని రోజువారీ తిరుగుడుకు వాడకూడదన్న షరతు కూడా ఉంది. బజారుకు, ఆఫీసుకు వేసుకెళ్లాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువల్ దారే మీది. ఈ రెండిట్లో ఏది కావాలో ముందే తేల్చుకోండి.

ఇక పరీక్ష. తుప్పు చెదలాంటిది, పైన బుడగ కనిపించే సరికి లోపల తిని ఉంటుంది. రంగు కింద రూపాయి బిళ్లంత పొంగు ఉంటే దాని వెనక అరచేయంత రేకు పోయి ఉండడం మామూలే. చేతిలో మూడు వస్తువులు చాలు: మొద్దు స్క్రూ డ్రైవరు, గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, టార్చి. అయస్కాంతం గట్టిగా పట్టే చోట రేకుంది. జారిపోతుంటే అక్కడున్నది లప్పం. స్క్రూ డ్రైవరుతో నొక్కినప్పుడు కరకరమన్నా, లోపలికి దిగినా ఆ రేకు పనికిరాదు.

ఎక్కడెక్కడ చూడాలి? రబ్బరు మ్యాటు, దాని కింది జనపనార ఫెల్టు తీసి ఫ్లోరు మొత్తం చూడండి. ఆ ఫెల్టు వాన నీటిని నెలల తరబడి పట్టి ఉంచుతుంది, ముందు సీటు కాళ్ల దగ్గర చిల్లులు అందుకే పడతాయి. బ్యాటరీ కూర్చునే తట్ట ఆమ్లం చుక్కలకు పోతుంది. అద్దాల బీడింగు కింది మూలలు, డోర్ల అడుగంచు, డిక్కీలో స్టెప్నీ ఉండే గుంట, హెడ్‌లైటు డబ్బాల వెనక బురద పేరుకునే చోటు, అన్నీ వెతకండి. అన్నిటికన్నా ముఖ్యమైనవి రెండు: సిల్ పెట్టెలు, వెనక కమాను కట్టలను బాడీకి పట్టి ఉంచే బ్రాకెట్ల చుట్టూ ఉన్న రేకు. ఈ రెండు చోట్లా చేయి దూరేంత తిని ఉంటే, ఆ బండిని కొనకముందే ఇంకోసారి ఆలోచించండి. కింద మందంగా డాంబర్ కోటింగ్ ఉందని సంతోషించొద్దు. అది ఎండి పగిలాక నీరు దాని వెనక చేరుతుంది, బయటికి రాదు. దాన్ని హీట్ గన్నుతో మెత్తబరిచి గీకి తీసి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. మంట పెట్టి తీయకూడదు, డాంబరు అంటుకుంటుంది.

విప్పేటప్పుడు ప్రతి భాగాన్నీ విప్పకముందు, విప్పాక ఫొటో తీసి, బోల్టులను పేరు రాసిన సంచిలో వేయండి. పాత రబ్బర్లు, క్రోము పట్టీల క్లిప్పులు విరిగినవైనా పారేయొద్దు, కొత్తవి వెతకడానికి అవే నమూనా. బిగుసుకుపోయిన బోల్టుకు పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి రెండు రోజులు నాననివ్వండి. తర్వాత కొద్దిగా బిగించే వైపు కదిపి, ఆపైన విప్పే వైపు తిప్పండి. ఒకేసారి బలంగా తిప్పితే తల తెగుతుంది, మిగిలిన ముక్కను డ్రిల్ చేయడానికి ఒక పూట పోతుంది.

చిన్న భాగాల తుప్పుకు ఇంట్లో హాయిగా చేసుకోగల పద్ధతి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ పొడి. లీటరు నీటికి 50 నుంచి 100 గ్రాములు కలిపి, గ్రీజు పోయేలా కడిగిన భాగాన్ని రాత్రంతా ముంచండి. పొద్దున బ్రష్‌తో రుద్ది, కొద్దిగా వంట సోడా కలిపిన నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి ప్రైమరు పూయాలి. పూయకపోతే గంటలోనే నారింజ రంగు తిరిగి వస్తుంది. బాత్‌రూములు కడిగే యాసిడ్ మాత్రం షెడ్డులోకి తేవొద్దు. దాని ఆవిరికి మీ పనిముట్లూ, పక్కనున్న రేకూ తుప్పుపడతాయి. స్ప్రింగులు, హై టెన్సైల్ (ఎక్కువ బలం తట్టుకునే గట్టి ఉక్కు) బోల్టులైతే ఆమ్లంలో పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి చేరి పెళుసెక్కుతాయి, తర్వాత బరువు పడినప్పుడు విరుగుతాయి.

రేకు కొనేటప్పుడు సి.ఆర్. షీటు, అంటే కోల్డ్ రోల్డ్ ఉక్కు రేకు అడగండి. ఫ్లోరుకూ బయటి రేకుకూ 20 గేజ్, అంటే దాదాపు 0.9 మి.మీ. సిల్ లోపలి గోడకు, బ్రాకెట్ల చుట్టూ 18 గేజ్, అంటే 1.2 మి.మీ. ఎనిమిదడుగులకు నాలుగడుగుల 20 గేజ్ షీటు దాదాపు 21 కిలోలు తూగుతుంది, మామూలు ఫ్లోరు అతుకులకు ఒకటి సరిపోతుంది. జింకు పూత ఉన్న జి.ఐ. షీటు వాడితే తుప్పే పట్టదు కదా అని కొందరు సలహా ఇస్తారు. వెల్డింగ్ వేడికి దాని జింకు పొగగా మారి జ్వరం తెప్పిస్తుంది, అతుకులో చిల్లులూ పడతాయి. వద్దు.

వెల్డింగుకు ముందు పెట్రోలు ట్యాంకు దించి షెడ్డు బయట, దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకు నిండిన ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల ఉండేది పెట్రోలు ఆవిరి. బ్యాటరీ వైర్లు తీయండి. సీట్లు, ఫెల్టు, దగ్గరలోని వైరింగు తప్పించండి. బండిని జాకీ మీద వదిలి కిందికి దూరకూడదు. కాంక్రీటు నేల మీద నాలుగు స్టాండ్లు ఉండాలి. ఇటుకలు పేర్చి ఆపడం మానండి, అవి హెచ్చరిక లేకుండా పగులుతాయి. పని ముగిశాక అరగంట ఎవరో ఒకరు అక్కడే ఉండి చూడాలి, నిప్పురవ్వ ఫెల్టు ముక్కలో దాగి తర్వాత రాజుకుంటుంది.

మామూలు ఆర్క్ రాడ్డు ఈ పల్చటి రేకును కాల్చి చిల్లు పెడుతుంది. తీగను తానే అందించే మిగ్ వెల్డింగ్ మెషిను, 0.6 లేదా 0.8 మి.మీ. తీగ, ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన సిలిండరు ఉండాలి. ఉక్కపోస్తోందని ఫ్యాను పెట్టుకుంటే గాలికి ఆ గ్యాస్ కొట్టుకుపోయి అతుకంతా స్పాంజిలా వస్తుంది. ఎండాకాలంలో వెల్డింగ్ తెల్లవారుజామునే పెట్టుకోండి.

కోత ఎప్పుడూ తుప్పు అంచు దగ్గర కాదు, దానికి 25 మి.మీ. అవతల, మెరిసే రేకు వచ్చిన చోట పడాలి. తుప్పు రేకుకు అతికించిన కొత్త రేకు ఏడాదిలో అంచు నుంచి ఊడుతుంది. ముందు అట్టతో కొలత తీసి ముక్క కోయండి. బయట కనిపించే రేకులో ముక్కను అంచుకు అంచు కలిపి, మధ్యలో ఒక మి.మీ. సందు వదలండి. ఫ్లోరులో 12 మి.మీ. ఒకదాని మీద ఒకటి ఎక్కించి, పై రేకులో 6 మి.మీ. చిల్లులు వేసి వాటిలో వెల్డింగ్ నింపవచ్చు. ఎక్కించిన చోట రెండు రేకుల మధ్య వెల్డింగును తట్టుకునే జింకు ప్రైమరు తప్పనిసరి, తర్వాత అక్కడికి ఏ బ్రష్షూ చేరదు.

ఒకే గీతగా వెల్డింగ్ లాగొద్దు. ఈ మూల ఒక చుక్క, ఆ మూల ఒక చుక్క, చుక్కల మధ్య 25 మి.మీ. దూరం, రేకు చేయి పెట్టగలిగేంత చల్లారాక మధ్యలో మరో చుక్క. తొందరపడితే రేకు వేడికి సాగి అలలు తేలుతుంది, ఆ అలలను దాచడానికి లప్పం కావాలి, ఆ లప్పం పగులుతుంది. గ్రైండరుతో చదును చేసేటప్పుడూ అంతే, ఒకే చోట నిలిపితే రేకు నీలం తిరిగి వంగుతుంది. ఫ్లోరు ముక్కకు పాత ఫ్లోరులో ఉన్నట్టే గట్లు తేలేలా కొట్టించండి. చదును రేకు వేస్తే బండి నడిచేటప్పుడు డప్పులా మోగుతుంది.

సిల్ పని దగ్గర చాలా బండ్లు చేయిజారతాయి. రెండు వైపుల సిల్లూ ఒకేసారి కోస్తే బాడీ నడుము దగ్గర కుంగుతుంది. కొత్త సిల్ అతికాక ఆ వంకర శాశ్వతం. తర్వాత డోరు పడదు, పడినా వెనక అంచు దిగి ఉంటుంది. అందుకే కోతకు ముందు డోరు తెరిచే చోట ఎదురెదురు మూలలకు కొలిచి గోడ మీద రాయండి. డోరు చుట్టూ సందు ఎంతుందో నాలుగు చోట్ల కొలవండి. 25 మి.మీ. చదరపు పైపుతో ముందు పిల్లరుకూ వెనక పిల్లరుకూ అడ్డంగా, ఐమూలగా ఊతం వెల్డింగ్ చేయండి. స్టాండ్లను జాకీ పాయింట్ల కింద పెట్టొద్దు, అవి సిల్‌కే ఉంటాయి. బరువు ముందు సస్పెన్షన్ దగ్గర, వెనక యాక్సిల్ కింద పడాలి. కొత్త సిల్‌ను చుక్కలతో నిలిపి, డోరు బిగించి, మూసి చూసి, కొలతలు సరిపోయాకే మిగతా వెల్డింగ్. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు.

సిల్ మూసేముందు లోపల ఎపాక్సీ ప్రైమరు (తేమను ఆపే, రెండు భాగాలు కలిపి పూసే ప్రైమరు) పట్టించండి. అడుగున 8 మి.మీ. నీటి రంధ్రాలు పాత చోట్లలోనే ఉండాలి. ఈ బండ్లలో సిల్ తుప్పు పట్టడానికి సగం కారణం, గతంలో టింకరింగ్ చేసినవాళ్లు ఆ రంధ్రాలను లప్పంతో మూసేయడమే. పాత సిల్ మీద కొత్త రేకు కప్పి అతికించడం ఇంకా చెడ్డది. లోపలి తుప్పు మూసిన చీకట్లో పెరుగుతూనే ఉంటుంది.

నగ్నంగా ఉన్న రేకును వట్టి చేత్తో ముట్టుకోవద్దు, చెమటలో ఉప్పు ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో రాత్రికి రాత్రే రేకు ఎర్రబడుతుంది. అక్కడ పొద్దున శుభ్రం చేసిన భాగానికి సాయంత్రంలోపు రెండు పూతల ఎపాక్సీ పడాలి. ముసురు పట్టిన రోజు ప్రైమరు ముట్టుకోకండి. కోత, వెల్డింగ్ చలికాలంలో చేసుకుని, రంగు పని ఫిబ్రవరి, మార్చి నెలలకు ఉంచుకోవడం మంచిది.

లప్పం ఎపాక్సీ మీదే పెట్టాలి, వట్టి రేకు మీద కాదు, లప్పం తేమ పీలుస్తుంది. మందం 2, 3 మి.మీ. దాటితే రేకును ఇంకా సుత్తితో సరిచేయాల్సి ఉందని అర్థం. లప్పం గట్టిపడడానికి కలిపే హార్డెనరు లప్పం బరువులో 2 శాతం దగ్గర ఉంచండి. త్వరగా ఆరుతుందని ఎక్కువ కలిపితే ఆ మరక రంగులోంచి పైకి తేలుతుంది. రంగుకు ముందు పైన నునుపు కోసం కొట్టే సర్ఫేసరు పూత కూడా నీటిని ఆపదు. సర్ఫేసరు కొట్టి, డబ్బులు సమకూరాక రంగు వేద్దామని ఒక వానాకాలం బండిని వదిలేస్తే కింద మళ్లీ తుప్పు మొదలవుతుంది. ఆపాల్సి వస్తే ఎపాక్సీ దశలో ఆపండి. చివర హార్డెనరు కలిపి కొట్టే టూ-ప్యాక్ రంగును మాత్రం ఇంట్లో కొట్టొద్దు. దాని హార్డెనరులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీయగలవు, గుడ్డ మాస్కు ఆపలేదు. ఆ ఒక్క పనికి పెయింట్ బూత్ ఉన్నచోటికి బండిని పంపండి.

మెకానికల్ పని గురించి కొద్దిగా. ఏళ్లుగా తిరగని ఇంజినుకు నేరుగా సెల్ఫ్ కొట్టొద్దు. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండరులో 10, 15 మి.లీ. పల్చటి నూనె పోసి, రెండు రోజులాగి, చేత్తో తిప్పండి. ప్లగ్గు వైర్లు 1-3-4-2 వరసలో. బ్రేకు వీల్ సిలిండర్ల రబ్బర్లు, హోసులు, తుప్పు పట్టిన పైపులు బాగున్నట్టు కనిపించినా మార్చండి. ఇంజిన్ ఆయిల్ చుక్క బ్రేకు ఆయిల్లో కలిసినా రబ్బర్లు ఉబ్బుతాయి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, పాత పెట్రోలు పైపులను అది మెత్తబరుస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేసి, బండి కదలకుండా నెలలు నిలబడేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయండి. కొత్త రంగు వేశాక లైట్లు మసకగా వెలిగితే వైరింగును అనుమానించకముందు ఎర్తింగ్ బోల్టు కింద రంగు గీకి చూడండి.

అన్నీ అయ్యాక సిల్లు, డోర్లు, పిల్లర్ల లోపలికి పొడవాటి నాజిలుతో మైనం కొట్టాలి. రంగుకు ముందు కొడితే ఆ మైనం చిట్లిన చోటల్లా రంగు చేపకన్నులా విడిపోతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ కింద కొట్టించడం మన దగ్గర అలవాటు. అందులో ఆమ్లాలుంటాయి, బుష్ రబ్బర్లు పాడవుతాయి, దుమ్ము పట్టి తడిని నిలుపుతుంది. మైనం రెండేళ్లకొకసారి, ఎండాకాలం చివర కొట్టండి. ఏటా తొలకరికి ముందు సన్నటి తీగతో సిల్, డోరు రంధ్రాలన్నీ పొడిచి, డోరు పైన మగ్గుడు నీళ్లు పోసి అవి కిందికి కారుతున్నాయో లేదో చూడండి. కారకపోతే డోరు లోపలి అట్ట విప్పి అడుగున పేరుకున్న మట్టి తీసేయండి.