ఎండ ఎక్కేలోపు మంచు దాటాలి

శ్రోతలకు నమస్కారం.

పరీక్షలు ముగిసి ఏప్రిల్ వచ్చిందంటే మన ఊళ్ల నుంచి హిమాలయాలకు ప్రయాణాలు మొదలవుతాయి. ఇక్కడ ఎండ మాడుస్తుంటే అక్కడ మంచులో నడవాలన్న కోరిక సహజమే. ఆ ప్రయాణం మానుకోమని చెప్పడానికి నేను రాలేదు. వసంతకాలపు మంచుకొండకు కూడా ఒక గడియారం ఉంటుంది, దాన్ని చూసి నడవమని చెప్పడానికి వచ్చాను.

ముందుగా ఒక చిక్కు విప్పాలి. ఆకాశం నుంచి మంచు కురిసినా హిమపాతమే అంటున్నాం, కొండ మీది మంచు విరిగి లోయలోకి దూకినా హిమపాతమే అంటున్నాం. మొదటిదాన్ని చూడటానికి డబ్బు ఖర్చుపెట్టి వెళతాం. రెండోది మనిషిని పాతిపెడుతుంది. ఈ రెండోదాన్ని నేను మంచు చరియ అంటాను.

2023 ఏప్రిల్ 4. సిక్కింలో గాంగ్‌టక్ నుంచి నాథులాకు వెళ్లే దారి. పదమూడో మైలు దాటిన చోట మంచు చరియ విరిగిపడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. అప్పటికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. వాళ్లు శిఖరాలెక్కడానికి వచ్చినవాళ్లు కారు, వాహనాల్లో మంచు చూడటానికి వచ్చినవాళ్లు. అనుమతి ఉన్నది పదమూడో మైలు వరకే. ‘ఇంకాస్త ముందుకు వెళ్దాం’ అని ఎప్పుడూ అనని ప్రయాణికుడు మనలో ఎవరున్నారు? అందుకే ఆ వార్త నన్ను ఇప్పటికీ వదలదు.

మధ్యాహ్నానికీ మంచుకూ ఉన్న సంబంధం మన వంటింట్లోనే కనిపిస్తుంది. చలికాలం ఉదయం గిన్నెలో పేరిన నెయ్యిని చూడండి. గిన్నెను బోర్లించినా కదలదు. కాస్త సెగ తగలనివ్వండి. ముద్ద ముద్దగానే ఉంటుంది, కానీ గిన్నెకు అంటుకున్న చోట పల్చగా కరుగుతుంది. ఆ తడి మీద ముద్ద మొత్తం ఒక్కసారిగా జారిపోతుంది. కొండ మీద జరిగేదీ ఇలాంటిదే. చలికాలమంతా పొరలుపొరలుగా పడిన మంచులోకి పగటి ఎండకు కరిగిన నీరు ఇంకుతుంది. రేణువుల మధ్య పట్టు సడలుతుంది. నీరు నేల దాకా దిగితే అడుగున జారుడు ఏర్పడుతుంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే ఆ తడి మళ్లీ గడ్డకడుతుంది. తెల్లవారుజామున బూటు కింద కరకరలాడే ఆ గట్టిదనమే మనకు రక్ష. పదకొండు గంటలకు అదే వాలు మీద కాలు మోకాలి దాకా దిగబడుతుంది.

ఇందులో కొత్తవాళ్లను మోసగించేది మబ్బు పట్టిన రాత్రి. డేరాలో చలి అంతగా ఉండదు, హాయిగా నిద్ర పడుతుంది. కానీ మబ్బులు దుప్పటిలా కప్పడంతో కొండ తన వేడిని పైకి వదలలేదు, మంచు సరిగా గడ్డకట్టదు. అలాంటి రాత్రి తర్వాత ఉదయపు గడియారాన్ని కూడా నమ్మడానికి లేదు. మంచు మీద వాన పడితే మరీ ప్రమాదం.

గైడ్లు అర్ధరాత్రి దాటగానే లేపి, తలకు దీపాలు కట్టించి నడిపించేది సూర్యోదయపు ఫొటోల కోసం మాత్రమే కాదు. ఎండ ముందుగా తూర్పు వాలును తాకుతుంది, తర్వాత దక్షిణపు వాలును, మధ్యాహ్నం పడమటి వాలును. ఆ వరుసలోనే అవి మెత్తబడతాయి. పైనుంచి మంచు ఉండలు చక్రాల్లా దొర్లి వస్తున్నా, కాలు చీలమండ దాటి దిగుతున్నా వెనక్కి తిరగాలి. ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలు మీదే చరియలు ఎక్కువగా కదులుతాయి. మన డాబా మెట్ల వాలు దాదాపు అంతే ఉంటుంది! అలాంటి వాలు కింద కూర్చుని భోజనం చేయకండి. తప్పనిసరిగా దాటాల్సి వస్తే ఒకరి తర్వాత ఒకరు దాటండి, మిగతావాళ్లు కన్నార్పకుండా చూస్తుండాలి. అన్నట్టు, గట్టిగా అరిస్తే మంచు కూలుతుందన్నది అపోహ. మన బరువు చాలు.

ఎండ పాత్ర లేకుండా, కొత్తగా కురిసిన మంచు బరువుకే విరిగే చరియలూ ఉన్నాయి. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ దగ్గరి మాణాలో తెల్లవారుజామునే మంచు విరుచుకుపడింది. రహదారి కార్మికుల్లో నలభై ఆరు మందిని కాపాడారు, ఎనిమిది మంది చనిపోయారు. కొత్త మంచు బాగా కురిశాక ఒకటి రెండు రోజులు ఆగడం పిరికితనం కాదు. మన రక్షణ పరిశోధనా సంస్థకు చెందిన విభాగం హిమాలయ జిల్లాలకు మంచు చరియల హెచ్చరికలు జారీ చేస్తుంది. వాటిని చూడకుండా బయలుదేరకండి.

మంచు కింద చిక్కుకున్నవాడికి ఉన్న గడువు చాలా తక్కువ. స్విట్జర్లాండ్ ప్రమాదాల లెక్కల ప్రకారం, పదిహేను నిమిషాల్లో బయటకు తీస్తే పదిమందిలో తొమ్మిది మంది బతికారు. ముప్పై అయిదు నిమిషాలయ్యేసరికి ఆ సంఖ్య మూడుకు పడిపోయింది. హెలికాప్టర్ రావడానికి అంత సమయం సరిపోదు, పక్కనున్నవాళ్లే తీయాలి. పైగా తడి మంచు ఆగగానే సిమెంటులా బిగుసుకుంటుంది, చేతులతో తవ్వలేం. అందుకే ఒంటిమీద సంకేతాలు పంపే చిన్న పరికరం, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, ఒక పార, ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, వాడటం అందరికీ వచ్చి ఉండాలి. మీ ట్రెక్ నిర్వాహకులను డబ్బు కట్టకముందే అడగండి: ఈ మూడూ ఇస్తారా? నేర్పుతారా? మంచు వాలు ఎన్ని గంటలకల్లా దాటిస్తారు?

నమస్కారం.