బ్రేక్ నొక్కినంక బండిల ఏమైతది?

[దృశ్యం: వానల హన్మకొండ–కాజీపేట రోడ్డు. బైకు ముందు చక్రం.]

ముందు పోయే ఆటో ఒక్కసారి ఆగింది. మీరు బ్రేక్ గట్టిగ పట్టిన్రు. 60 స్పీడుల ఉన్న బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతది. సెకనుల పదో వంతు లేటైనా మీటరున్నర ముందుకే.

[దృశ్యం: డిస్కు పక్కన పళ్ల రింగు, సెన్సార్.]

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బైకులన్నిటికి ఏబీఎస్, అంటే బ్రేక్ పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండ చూసే ఏర్పాటు, ఉండాల్సిందే. ఈ రింగు దానిదే. చక్రం ఎంత జోరుగ తిరుగుతుందో సెన్సార్ ఈ పళ్లను బట్టే చెప్తది. చక్రం బిగుసుకుంటుందంటే ఏబీఎస్ కంప్యూటర్ పెట్టె బ్రేక్ ఆయిల్ ప్రెషర్ కొంచెం వదిలి, మళ్ల పట్టాలె. మీటర్ల లైటు వెలిగించుడు, ఫాల్టులు రాసిపెట్టుడు కూడా ఆ పెట్టె పనే. ఏది ముందు చెయ్యాలె?

ఇసొంటి కాడ పని తేల్చేదే రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్. రియల్‌టైమ్ అంటే స్పీడు అనుకుంటరు చాలామంది. మీ ఫోన్ చిప్పు దీనికంటే ఎన్నో రెట్లు స్పీడు, అయినా అప్పుడప్పుడు వీడియో ఆగుతది, మనం ఊకుంటం. బ్రేక్ కాడ లేటుగ వచ్చిన సరైన లెక్క కూడా తప్పు లెక్కే. అందుకే ప్రతి పనికి ప్రయారిటీ ఉంటది. పెద్ద ప్రయారిటీ పని రాంగనే షెడ్యూలర్, అంటే ఏ పని ఎప్పుడు నడవాల్నో చూసే భాగం, చిన్నదాన్ని ఉన్నకాడ ఆపుతది.

ఇంత పకడ్బందీగ ఉన్నా ఒక మెలిక ఉంది. నాకు ఈ సబ్జెక్టుల అన్నిటికంటే ఇష్టమైన ముచ్చట ఇదే.

[దృశ్యం: అంగారకుడి నేల.]

1997 జులై 4న నాసా వ్యోమనౌక పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. కొన్ని రోజులకు దాని కంప్యూటర్ మాటిమాటికి రీసెట్ అయింది. వాతావరణం లెక్కలు చూసే చిన్న పని ఒక తాళం పట్టుకుంది, అంటే అది వదిలేదాక ఆ డేటాను వేరే పని ముట్టుకోరాదు. అదే తాళం కోసం పెద్ద పని ఆగింది. మధ్య ప్రయారిటీ పని వచ్చి చిన్నదాన్ని పక్కకు నెట్టింది. ఇగ తాళం వదిలేదెవరు? పెద్ద పని టైముకు కాలే, సిస్టమ్ రీసెట్. దీన్నే ప్రయారిటీ ఇన్‌వర్షన్ అంటరు. ఇంజినీర్లు భూమి మీదున్న నకలు మీద ఇదే తప్పు మళ్ల రప్పించి పట్టిన్రు. తాళం పట్టిన పనికి, దానికోసం ఆగిన పెద్ద పని ప్రయారిటీ వచ్చే ఏర్పాటు సాఫ్ట్‌వేర్ల ముందే ఉంది. బంద్ పెట్టి ఉంటే, ఇక్కడ్నుంచే ఆన్ చేసిన్రు.

ఈసీఈ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు, దీన్ని ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద మీరే చూడొచ్చు, దాంట్ల ఫ్రీఆర్‌టీఓఎస్ అనే రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ ముందే ఉంటది. మూడు ప్రయారిటీలతోని మూడు టాస్కులు రాసి, మూడిటినీ ఒకటే కోర్‌కు కట్టండి. దాంట్ల రెండు కోర్లుంటయ్, కట్టకపోతే మెలిక కనబడకపోవచ్చు. ముందు తాళానికి బైనరీ సెమాఫోర్ పెట్టండి, దాంట్ల ప్రయారిటీ ఇచ్చే ఆ ఏర్పాటు ఉండదు. తర్వాత మ్యూటెక్స్ పెట్టండి, దాంట్ల ఉంటది. పెద్ద టాస్కు రెండుసార్లు ఎంతసేపు ఆగిందో సీరియల్ మానిటర్ల ప్రింట్ చేసి కామెంట్ల పెట్టండి.