ఆస్తి బావకి, బట్టతల నాకు

(ఎపిసోడ్ పూర్తి పాఠం. మాట్లాడేది నేను, మా బావ. బావ కణాలు పెంచే ల్యాబ్‌లో పనిచేస్తాడు. నేను జుట్టు పోగొట్టుకునే పనిలో ఉన్నాను.)

నేను: అందరికీ నమస్కారం. ఈసారి మా బావని పట్టుకొచ్చాను. మా మేనమామ కొడుకు. ముందు ఒక ఫిర్యాదు బావా. ముప్పై రెండేళ్లకే నా నెత్తి మీద ఇంత మైదానం తయారైందంటే దానికి కారణం మామయ్యే. ఇంట్లో అందరూ "మేనమామ పోలిక" అంటున్నారు.

బావ: సగం నిజమే రా. మగ హార్మోన్‌ని అందుకునే ఆండ్రోజెన్ రిసెప్టర్ అని ఒకటుంది. దాని జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. నీ ఎక్స్ అత్తయ్య దగ్గర్నుంచి వచ్చింది. నాన్నకి ఆయన ఎక్స్ వాళ్లమ్మ ఇచ్చింది, అంటే మీ అమ్మమ్మ. ఆవిడ దగ్గరున్న ముక్కే మీ ఇద్దరికీ వచ్చి ఉండొచ్చు. నాన్న నాకిచ్చింది వై. అందుకని ఆ ముక్క ఆయన నుంచి నాకు రాదు.

నేను: అంటే ఆస్తి నీకు, బట్టతల నాకు!

బావ: (నవ్వు) మొత్తం ఆయన మీదకి తోసెయ్యకు. 2017లో బ్రిటన్‌లో 52 వేల మందికి పైగా మగవాళ్ల జన్యువులు చూశారు. బట్టతలతో సంబంధం ఉన్న చోట్లు 287 దొరికాయి. అందులో ఎక్స్ మీదున్నవి 40 మాత్రమే. మీ నాన్నగారి వాటా కూడా ఉంది.

నేను: సరే, అసలు సంగతికొస్తాను. పోయిన నెల ఒక క్లినిక్‌కి వెళ్లాను. పేరు చెప్పను. "స్టెమ్ సెల్స్, జీన్ లెవెల్ ట్రీట్‌మెంట్, ఆరు సిట్టింగులు, 60 వేలు" అన్నారు. 10 వేలు అడ్వాన్స్ కట్టేశాను. రసీదు ఇదిగో.

బావ: ఏదీ ఇలా ఇవ్వు... కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదివావా? పి.ఆర్.పి.

నేను: అదేగా స్టెమ్ సెల్?

బావ: కాదు. స్టెమ్ సెల్ అంటే వేరే రకం కణాలుగా మారగల మూలకణం. ఇక్కడ నీ చేతి రక్తమే తీసి, గిర్రున తిప్పే మెషీన్‌లో పెట్టి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని నెత్తి మీద గుచ్చుతారు. కొంతమందికి కాస్త పనిచేస్తుంది, కాదనను. అందులో స్టెమ్ సెల్ వైద్యం లేదు, జీన్‌ని ముట్టుకునేదీ లేదు.

నేను: అయితే అసలైనది ఎలా ఉంటుంది? మొదట్నించీ చెప్పు.

బావ: తిరుమలలో గుండు చేయించుకుంటాం కదా, మళ్లీ ఎందుకు వస్తుంది? కత్తి కోసేది పైనున్న పోగుని. కుదురు చర్మం లోపల ఉంటుంది. ఆ కుదురు అడుగున చిన్న కణాల గుత్తి ఉంటుంది, డెర్మల్ పాపిల్లా అంటారు. అది మేస్త్రీ. కాస్త పైన స్టెమ్ సెల్స్ ఉంటాయి, వాళ్లు కూలీలు. మేస్త్రీ కేకేస్తే కూలీలు దిగి వెంట్రుక కడతారు. బట్టతలలో డి.హెచ్.టి. అనే హార్మోన్ మేస్త్రీ గొంతు నొక్కేస్తుంది. వెంట్రుక ఏటికేడు సన్నబడి, చివరికి నూగు మిగులుతుంది.

నేను: కూలీలు చచ్చిపోతారా?

బావ: అదే విశేషం. 2011లో అమెరికాలో జార్జ్ కాట్సారెలిస్ బృందం ఒకే మనిషి తల మీద బట్టగా ఉన్న చోటునీ, జుట్టున్న చోటునీ పోల్చి చూసింది. స్టెమ్ సెల్స్ లెక్క రెండు చోట్లా దాదాపు ఒకటే. వాటి నుంచి పుట్టి పనిలోకి దిగాల్సిన తర్వాతి తరం కణాలే బట్టతల వైపు బాగా తక్కువ.

నేను: అంటే నా నెత్తి మీద కూలీలు బీడీ కాలుస్తూ కూర్చున్నారన్నమాట.

బావ: అలాగే అనుకో. మేస్త్రీని మార్చి చూద్దామని ఇంగ్లండ్‌లో డర్హమ్ యూనివర్సిటీలో ఒక జంట ఏం చేశారో చెప్పనా? కోలిన్ జహోడా, అమాండా రేనాల్డ్స్, మొగుడూ పెళ్లాలు, ఇద్దరూ శాస్త్రవేత్తలే. ఆయన తల మీంచి కొంచెం చర్మం తీసి, కుదుళ్ల అడుగు తొడుగులోని కణాలని ఆవిడ ముంజేతి మీద చిన్న గాట్లలో పెట్టారు. కొన్ని వారాలకి అక్కడ వెంట్రుకలు మొలిచాయి. మామూలు చేతి నూగు కాదు, లావుగా. పరీక్ష చేస్తే కుదురులో మగ డి.ఎన్.ఎ. ఆవిడ శరీరం దాన్ని తోసెయ్యలేదు కూడా. 1999లో నేచర్ పత్రికలో వచ్చింది.

నేను: మొగుడి జుట్టు పెళ్లాం చేతి మీద! మా ఇంట్లో ఈ మాట ఎత్తితే నన్ను బయట పడుకోమంటారు. సరే, 1999లోనే అయింది కదా, మరి ఇన్నేళ్లూ ఏం చేశారు?

బావ: ఆ కణాలని పెంచాలి కదా. ఒక తలకి లక్ష వెంట్రుకలు. మేస్త్రీ కణాలని పళ్లెంలో పరిచి పెంచితే సంఖ్య పెరుగుతుంది గానీ వాటికి పని మర్చిపోయే జబ్బు. నా చేతుల్లోనే ఎన్నోసార్లు చూశాను, కణాలు బ్రహ్మాండంగా పెరుగుతాయి, గుణం మాత్రం పోతుంది. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ శాస్త్రవేత్త ఏంజెలా క్రిస్టియానో, ఈ జహోడా కలిసి 2013లో దీనికో చిట్కా పట్టారు. అన్నం గిన్నె మూత తీస్తే లోపలివైపు నీటి చుక్కలు వేలాడుతుంటాయి చూడు, అచ్చం అలాగే. కణాలున్న చుక్కలని మూతకి తలకిందులుగా వేలాడదీశారు. పాకడానికి నేల లేక అవన్నీ చుక్క అడుగున ఒక ఉండలా చేరాయి. ఉండ కట్టాక పోయిన గుణం కొంత తిరిగొచ్చింది. వాటిని మనిషి చర్మంలో పెట్టి, ఆ చర్మాన్ని ఎలుక వీపుకి అతికిస్తే ఏడింట్లో ఐదు చోట్ల కొత్త వెంట్రుక వచ్చింది.

నేను: మరి జీన్ ఎడిటింగ్, అదే జీన్‌ని మార్చడం, ఎక్కడొస్తుంది?

బావ: మొలిపించిన వెంట్రుక మళ్లీ డి.హెచ్.టి.కి లొంగకూడదు కదా, అక్కడ. ప్రకృతి ఈ ఎడిటింగ్ ఎప్పుడో చేసింది. డొమినికన్ రిపబ్లిక్‌లో కొన్ని కుటుంబాల్లో డి.హెచ్.టి. తయారుచేసే ఎంజైమ్ జీన్‌లోనే పుట్టుకతో లోపం. 1974లో బయటపెట్టారు. ఆ మగవాళ్లకి బట్టతల రాదు. నువ్వు రాత్రిళ్లు వేసుకునే ఫినాస్టెరైడ్ మాత్ర ఆ ఆలోచన నుంచి వచ్చిందే.

నేను: మాత్ర సంగతి లోకానికంతా చెప్పాలా బావా!

బావ: అయిపోయింది, కట్ చేసుకో. 2020లో దక్షిణ కొరియాలో అదే ఎంజైమ్ జీన్‌ని ఎలుకల చర్మంలో క్రిస్పర్ అనే జీన్‌లని కోసే కత్తితో కోశారు. కత్తిని సన్నటి బుడగలకి తగిలించి, అల్ట్రాసౌండ్‌తో లోపలికి పంపారు. జుట్టు తిరిగొచ్చింది, ఎలుకలకి.

నేను: ఎప్పుడూ ఎలుకలకే.

బావ: మనుషుల స్టెమ్ సెల్స్ నుంచి కుదుళ్లతో సహా చర్మాన్నే పెంచారు, 2020లో కార్ల్ కోహ్లర్ బృందం. నాలుగైదు నెలలు పట్టింది. తమాషా ఏంటంటే, అది బంతిలా పెరుగుతుంది, చొక్కా తిరగేసినట్టు. కుదుళ్లు బయటికి, వెంట్రుకలు లోపలికి!

నేను: (నవ్వు) మరి ఎడిట్ చేసిన స్టెమ్ సెల్స్ మనిషికి ఎక్కించడం అసలు జరిగిందా లేదా?

బావ: జరిగింది. సికిల్ సెల్ జబ్బుకి, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయి, మన ఏజెన్సీ ప్రాంతాల్లో కూడా ఉందే, అదే. మందు పేరు కాస్‌జెవీ, 2023లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. రోగి ఎముక మజ్జలో రక్తాన్ని తయారుచేసే స్టెమ్ సెల్స్‌ని బయటికి తీసి, ఎడిట్ చేసి, తిరిగి ఎక్కిస్తారు. అనుమతి వచ్చినప్పుడు అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. కొత్త కణాలకి చోటు కోసం ముందు గట్టి కీమో ఇస్తారు. దాంతో ఏమవుతుందో తెలుసా?

నేను: చెప్పకు. జుట్టు రాలుతుంది.

బావ: మొత్తం! తర్వాత వస్తుందిలే. నా గోల ఏంటంటే, సికిల్ సెల్ పిల్లాడికి నొప్పితో ప్రాణం పోతుంటుంది, అంత రిస్క్ తీసుకోవడంలో అర్థముంది. కత్తి పొరపాటున ఇంకో జీన్‌ని కోస్తే? పూర్తిగా మారని స్టెమ్ సెల్ ఒకటి మిగిలి గడ్డగా పెరిగితే? బట్టతల కోసం ఆ టెన్షన్ నేనైతే పెట్టుకోను. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐ.సి.ఎం.ఆర్. స్టెమ్ సెల్స్ మీద ఇచ్చిన 2017 మార్గదర్శకాలు కూడా జాగ్రత్తే చెప్తాయి. రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులు తప్పిస్తే మిగతావన్నీ ట్రయల్‌గానే చెయ్యాలి, రోగి దగ్గర డబ్బు పుచ్చుకోకూడదు.

నేను: నా 10 వేలు?

బావ: క్లినిక్‌కి ఫోన్ చెయ్యి. ఏ కణం, ఎక్కడ్నుంచి తీస్తారు, ఏ జీన్ మారుస్తారు, ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత? ఈ నాలుగూ అడుగు.

నేను: పొద్దున అడిగాను బావా, రికార్డింగ్‌కి ముందు. మొదటిదానికే లైన్ హోల్డ్‌లో పెట్టారు. వేణువు పాట వినిపించింది, పది నిమిషాలు. తర్వాత కట్టయింది.

బావ: మళ్లీ చెయ్యి. ఈసారి స్పీకర్‌లో పెట్టు, నేనూ వింటాను.