ఉప్పు నీటికి ఏ లోహం?

అందరికీ నమస్కారం. భీమవరం చుట్టుపక్కల వెల్డింగ్, లేత్ పనుల్లో ఉన్నవాళ్లు, ఐటీఐ చదువుతున్న పిల్లలు ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. లోహాల గురించి పుస్తకంలో ఉన్న వరసలో కాకుండా, ఈ బోల్టుతో మొదలుపెడతాను.

చూడండి, తల బాగానే ఉంది, మెడ మాత్రం అగ్గిపుల్లంత అయిపోయింది. రొయ్యల చెరువులో నీళ్లకి గాలి కలిపే ఏరేటర్‌కి నేను బిగించిన ఎంఎస్ బోల్టు ఇది, అంటే మైల్డ్ స్టీలు, మామూలు ఇనుము. ఫ్రేమేమో స్టెయిన్‌లెస్ స్టీలు. రైతుకి నాలుగు డబ్బులు మిగులుతాయని మామూలు బోల్టు వేశాను. పంట మధ్యలో, అర్ధరాత్రి విరిగింది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని ఆ రైతు పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది. తప్పు నాదే.

రెండు వేరువేరు లోహాలు ఉప్పు నీటిలో తగులుకుని ఉంటే అక్కడ చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో ఇనుము కరుగుతుంది, స్టెయిన్‌లెస్ నిలబడుతుంది. ఫ్రేము పెద్దది, బోల్టు చిన్నది కాబట్టి దెబ్బంతా బోల్టు మీదే పడింది. జీఐ పైపుకి, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపుకి, ఇదే సూత్రం మేలు చేస్తుంది. పైనున్న జింకు ముందు తాను కరిగి, లోపలి ఇనుమును కాపాడుతుంది.

స్టెయిన్‌లెస్ అంటే కనీసం 10.5 శాతం క్రోమియం కలిసిన ఉక్కు. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనపడని పొర కడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరకి అక్కడక్కడా చిల్లులు పెడుతుంది. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటికి తోడు 2, 3 శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పు నీటికి ఇంకా బాగా ఆగుతుంది. అయస్కాంతం అంటుకోకపోతే మంచి సరుకేనని నమ్మకండి. నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన 202 కూడా మామూలుగా అంటుకోదు, కానీ ఉప్పు నీటిలో త్వరగా తుప్పు పడుతుంది. కొనేటప్పుడు గ్రేడ్ అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

ఇత్తడి అంటే రాగి, జింకు. ఇత్తడి సామాన్లకి పేరున్న అజ్జరం ఊరి బిందె ఇంట్లో తరాలు మన్నుతుంది. అదే ఇత్తడిని ఉప్పు నీటి పంపులో బుష్‌గా, అంటే తిరిగే ఇరుసు చుట్టూ ఉండే గొట్టంగా, వేస్తే జింకు కరిగిపోయి, స్పాంజిలాంటి ఎర్ర రాగి మిగులుతుంది. అక్కడ గన్‌మెటల్ వేయాలి. 88 పాళ్లు రాగి, 10 పాళ్లు తగరం, జింకు 2 పాళ్లే. పంపు బాడీకి వాడే పోత ఇనుములో 2 నుంచి 4 శాతం కార్బన్ ఉంటుంది. అదురును బాగా పీల్చుకుంటుంది, సుత్తి దెబ్బకి మాత్రం పగులుతుంది.

ఈ బోల్టు వెనక వరసదాకా పంపించండి. మెడ దగ్గర గోటితో గీకి చూడండి.