తినేదే లేదు, తోమేదేముంది అనుకోవద్దు

యాంకర్: కనిగిరి నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే డాక్టరు గారూ. మా అత్తమ్మ పక్షవాతం వచ్చి మంచంలోనే ఉంది. కాస్త జావ, మెత్తగా నలిపిన ఇడ్లీ తప్ప ఏమీ తినదు. నోరేమో ఒకటే వాసన. తినేదే లేనప్పుడు రోజూ తోమాలాండీ?

డాక్టర్: తోమాలమ్మా, ఆమెకే ముఖ్యంగా తోమాలి. మనం నమిలి తింటాం కాబట్టి ఎంగిలి ఊరి నోరు కొంత శుభ్రపడుతుంది. ఆమెకు అదీ లేదు. పాచిలో క్రిములు పెరుగుతాయి. మింగడం సరిగా లేనప్పుడు ఆ ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా రావచ్చు. ఏ వైపు పడిపోయింది?

శ్రోత: కుడివైపండీ.

డాక్టర్: ఆ బుగ్గ లోపల టార్చి వేసి చూశారా?

శ్రోత: మొన్న చూస్తే పొద్దున పెట్టిన ఇడ్లీ సాయంత్రం కూడా అక్కడే ఉందండీ!

డాక్టర్: స్పర్శ తెలియక అలా దాగిపోతుంది. పెట్టిన ప్రతిసారీ చూసి, తడిగుడ్డతో తీసేయండి. తోమేటప్పుడు పడుకోబెట్టొద్దు. దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచండి. చిన్నపిల్లల మెత్తటి బ్రష్, పేస్టు పైపైన రాసినంత చాలు. నోట్లో నీళ్లు పోయొద్దు, పొలమారుతుంది. మీ వేలు పళ్ల మధ్య పెట్టొద్దు, తెలియక కొరికేస్తారు.

శ్రోత: కింది పళ్లు గారపట్టి ఉన్నాయి. బొగ్గుతో రుద్దమంటున్నారు.

డాక్టర్: మీ వైపు ఫ్లోరైడ్ నీళ్లు కదా. ఆ గారైతే చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే పట్టింది, రుద్దితే పన్ను అరుగుతుందే గానీ గార పోదు. పైన కట్టుడు పళ్లా?

శ్రోత: అవునండీ. రాత్రి కూడా తియ్యనివ్వదు. ఎవరన్నా వస్తే ముఖం బాగుండదంటుంది.

డాక్టర్: పాపం, ఆమె బాధ ఆమెది. అందరూ పడుకున్నాక తీస్తామని, తెల్లారేసరికి పెడతామని చెప్పండి. అస్తమానం ఉంచితే అంగిలి ఎర్రబడి ఫంగస్ పడుతుంది. సబ్బు, బ్రష్‌తో కడిగి మంచినీళ్లలో వేయండి. వేడినీళ్లలో వేస్తే సెట్టు వంకరపోతుంది. కింద నీళ్ల టబ్బు పెట్టుకుని కడగండి, జారినా పగలదు. జ్వరం, దగ్గు, ఆయాసం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

యాంకర్: తర్వాత కావలి నుంచి...

శ్రోత: మా నాన్నకు పన్ను తీయించాలి సార్. గుండెకు రక్తం పలచబడే బిళ్లలు వాడుతున్నాడు. నాలుగు రోజులు ఆపేయమంటారా?

డాక్టర్: మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపొద్దు. పన్ను దగ్గర రక్తం కారితే దూది అదిమో, కుట్టు వేసో ఆపుతాం. గుండెలో గడ్డకడితే ప్రాణం మీదికొస్తుంది. మందుల చీటీ పళ్ల డాక్టరుకు చూపించండి, ఆపాలో వద్దో ఆయనా గుండె డాక్టరూ మాట్లాడుకుని చెబుతారు.