తెల్ల సిపాయిల స్టేషన్, మన పాటలు

అందరికీ నమస్కారం. రేడియో సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక నుంచి వచ్చిన ఆ స్టేషన్, విన్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు. అందులో తెలుగు అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గారి గొంతు ఇప్పటికీ గుర్తున్నవాళ్లూ ఉంటారు. కానీ ఆ చిన్న ద్వీపానికి అంత పెద్ద ట్రాన్స్‌మిటర్ ఎక్కడినుంచి వచ్చిందనేది మనం ఎప్పుడూ పెద్దగా మాట్లాడుకోం. అది మన కోసం పెట్టింది కాదు, అక్కడి సింహళీయులు, తమిళుల కోసమూ కాదు. ఇంటికి వేల మైళ్ల దూరంలో పడి ఉన్న బ్రిటిష్ సిపాయిలకి ఇంగ్లీషులో నాలుగు మాటలు, నాలుగు పాటలు వినిపించడానికి పెట్టింది. ఆ కథ చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

బీబీసీ 1932 డిసెంబర్ 19న ఎంపైర్ సర్వీస్ మొదలుపెట్టింది. ఇంగ్లాండులోని డావెంట్రీ నుంచి, దూరదేశాలకి అందే షార్ట్‌వేవ్‌లో, ప్రపంచాన్ని ఐదు మండలాలుగా విడగొట్టి, వలస దేశాల్లో ఉన్న తెల్ల అధికారులు, తోటల యజమానులు, వాళ్ల కుటుంబాల కోసం. మొదట్లో కార్యక్రమాలు అంత ఆసక్తిగానూ ఉండవు, అంత బాగానూ ఉండవు అని బీబీసీ అధిపతి జాన్ రీత్ ప్రారంభం రోజే చెప్పేశాడు. వారం తిరక్కుండానే క్రిస్మస్ రోజున రాజు అయిదో జార్జి మాట్లాడాడు. ప్రసంగం రాసిచ్చింది రచయిత కిప్లింగ్. మధ్యాహ్నం మూడు గంటలు ఎందుకంటే, ఎక్కువ దేశాలకి షార్ట్‌వేవ్ బాగా అందేది ఆ వేళకే. రాజుగారి చేతులు వణికి కాగితాలు గరగరలాడితే మైకులో పడుతుందని టేబుల్ మీద మందపాటి గుడ్డ పరిచారట. ప్రపంచం సగానికి వినిపించబోయే మనిషికి కూడా ఆ టెన్షన్ తప్పలేదు.

అయితే పరాయిదేశంలో ఉన్నవాడికి రాజు ప్రసంగం ఏడాదికోసారి చాలు, మిగతా రోజులు గడవాలి కదా. ఆ సంగతి బాగా పట్టుకున్నది సైన్యం రేడియోలు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక బ్రిటిష్ సైన్యం జర్మనీలో ఉండిపోయినప్పుడు, హాంబర్గ్‌లోని సంగీతశాలలో వాళ్ల స్టేషన్ నడిచేది. 1945 నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం లండన్, హాంబర్గ్ స్టూడియోలని కలిపి ‘టూ వే ఫ్యామిలీ ఫేవరెట్స్’ అని ఒక కార్యక్రమం వచ్చేది. అమ్మ కొడుకు కోసం ఒక పాట కోరుతుంది, భర్త భార్య కోసం ఇంకో పాట కోరతాడు, అటువైపు ఒకరు ఇటువైపు ఒకరు కూర్చుని పేర్లు చదివి రికార్డు వేస్తారు, అంతే కార్యక్రమం. హాంబర్గ్‌లో క్లిఫ్ మిచెల్‌మోర్, లండన్‌లో జీన్ మెట్‌కాఫ్ అలా గాలిలోనే మాట్లాడుకుని, ప్రేమించుకుని, 1950లో పెళ్లి కూడా చేసుకున్నారు. నన్నడిగితే ఎంపైర్ సర్వీస్ కన్నా ఇదే గొప్ప కార్యక్రమం. వార్తలు పత్రికల్లోనూ దొరుకుతాయి, కానీ మన పేరు, మన వీధి పేరు పరాయి గడ్డ మీద గాల్లో వినిపించడం మాత్రం ఇంకెక్కడా దొరకదు.

అమెరికా సైన్యానిది ఇంకో దారి. 1943 జులై 4న లండన్‌లో వాళ్ల స్టేషన్ మొదలైంది. తమ శ్రోతలు అటు పోతారేమోనని బీబీసీ భయపడటంతో శిబిరాల చుట్టూ చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లే పెట్టుకున్నారు. ఆ భయం ఊరికే పోలేదు. తర్వాత మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్‌ల నుంచి వచ్చిన ప్రసారాలని సిపాయిలతో పాటు జర్మన్ కుర్రకారు కూడా చెవులు రిక్కించి విన్నారు, జాజ్, రాక్ అలా నేర్చుకున్నారు. జపాన్‌లోనూ అంతే. ఎవరి కోసమో పెట్టిన రేడియోకి పక్కింటివాళ్లు కూడా శ్రోతలయ్యారు.

ఇప్పుడు సిలోన్‌కి వద్దాం. 1944లో మౌంట్‌బాటన్ తన ఆగ్నేయాసియా సైనిక కేంద్రాన్ని కాండీకి తెచ్చుకున్నాడు. బర్మా అడవుల్లో పోరాడుతున్న పద్నాలుగో సైన్యాన్ని జనం ‘మరిచిపోయిన సైన్యం’ అనేవారు, ఇంగ్లాండు పత్రికల్లో వాళ్ల గురించి రెండు ముక్కలుంటే గొప్ప. వాళ్లకి ఒక పత్రిక, ఒక రేడియో ఉండి తీరాలని ఆయన పట్టుబట్టాడు. అలా పుట్టిందే రేడియో సియాక్. సియాక్ అంటే ఆ ఆగ్నేయాసియా కమాండ్ పేరుకి ఇంగ్లీషు పొడి అక్షరాలు. బర్మా నుంచి సింగపూర్ దాకా వినిపించాలి కాబట్టి 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ తెప్పించి కొలంబో దగ్గర ఏకలలో నిలబెట్టారు. అది పూర్తిగా పనిలోకి దిగేసరికి యుద్ధమే అయిపోయింది! ఇంటికి పోయే ఓడ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే సిపాయిలకి ఆ కాలమంతా తోడున్నది ఈ స్టేషనే. తర్వాత బీబీసీలో పేరు తెచ్చుకున్న డేవిడ్ జేకబ్స్ అక్కడ అనౌన్సరుగా చేశాడు.

సిపాయిలు వెళ్లిపోయారు, యంత్రం మిగిలింది. 1949లో దాన్ని సిలోన్ ప్రభుత్వానికి అప్పగించారు. మరుసటి ఏడు వాణిజ్య ప్రసారాలు మొదలయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1952లో, ఢిల్లీలో కేస్కర్ గారు సమాచార శాఖ మంత్రి అయ్యారు. సినిమా పాటలు సంస్కారాన్ని చెడగొడతాయని ఆయన నమ్మకం, దాంతో ఆకాశవాణిలో పాటలు దాదాపు మాయమయ్యాయి. జనం ఏం చేస్తారు? రేడియో ముల్లు సిలోన్ వైపు తిప్పారు. సముద్రాలు దాటడానికి తయారైన యంత్రానికి మన కోస్తా, రాయలసీమ, తెలంగాణ ఒక లెక్కా? వాతావరణం పైపొరకి తగిలి దిగివచ్చే ఆ ప్రసారం సాయంత్రాల్లో ఒకసారి దగ్గరకొచ్చి ఒకసారి దూరమవుతూ, వెంట్రుకవాసి ముల్లు జరిపితే పక్క స్టేషన్ ఈల మీద పడుతూ, ఎలాగో పాటని మన గదిలోకి తెచ్చేది. బొంబాయిలో రికార్డు చేసిన టేపులు విమానంలో కొలంబో వెళ్లేవి. టూత్‌పేస్టు కంపెనీ డబ్బుతో ‘బినాకా గీత్‌మాలా’ అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం వచ్చింది, మన ఆకాశవాణిలో వాణిజ్య ప్రకటనలు 1967 దాకా లేవు. ఝుమ్రీ తలయ్యా అనే చిన్న ఊరు, పాటలు కోరుతూ అక్కడివాళ్లు రాసిన ఉత్తరాల వల్లే దేశమంతా తెలిసిపోయింది. హాంబర్గ్‌లో చదివినట్టే ఇక్కడా పేర్లు చదివారు, పాట వేశారు. మన ఊళ్ల నుంచి తెలుగు పాటల కోసమూ ఉత్తరాలు వెళ్లాయి. 1957లో ఆకాశవాణి పాటల స్టేషన్ వివిధ భారతి రావడానికి ఈ సిలోన్ దెబ్బే పెద్ద కారణమని నా గట్టి అభిప్రాయం.

అలాంటి రేడియోలు ఇప్పటికీ ఉన్నాయి. స్పెయిన్ దక్షిణ తీరంలో స్థిరపడ్డ బ్రిటిష్ పెద్దవాళ్లకి ఇంగ్లీషు స్టేషన్లు, గల్ఫ్‌లో ఇంగ్లీషు ఎఫ్ఎంలు, బ్రిటిష్ సైన్యంలోని గూర్ఖాల కోసం నేపాలీ ప్రసారాలు కూడా. వాటి గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇవాళ నేను అడిగేది ఒక్కటే. మీ ఇళ్లలో సిలోన్‌కి ఉత్తరాలు రాసిన పెద్దవాళ్లు ఉంటే, స్టేషన్ పంపిన కార్డులు, పాటల జాబితాలు రాసుకున్న నోటు పుస్తకాలు పాత పెట్టెల్లో ఉంటే, దయచేసి పాత కాగితాలవాడికి వేసేయకండి. ఫోన్‌లో ఒక ఫొటో తీయండి, ఆ తాతయ్యనో అమ్మమ్మనో కూర్చోబెట్టి ఏ బ్యాండులో, ఏ టైముకి, ఎవరితో కలిసి వినేవారో రికార్డు చేయండి. సియాక్ గురించి రాయడానికి ఇంగ్లాండులో మనుషులున్నారు, మన శ్రోతల గురించి మనమే రాసుకోవాలి. ఇక ప్రశ్నలుంటే అడగండి.